ఎదురుకాళ్ళు

పక్క మీద ఇటు నుంచి అటు తిరగాలంటే లేచి కూర్చుని, మళ్ళీ పడుకోవాలి. లేకపోతే కడుపులో బిడ్డకు పేగు చుట్టుకుంటుందని మా అత్త కమలాంబ మాట. నేను లేచి కూర్చునే తిరిగేదాన్ని. అయినా తొమ్మిదో నెలలో కూడా బిడ్డ తల కిందికి రాలేదని తిరువళ్ళూరు డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచీ ఇంట్లో ఒకటే పాట. "నిద్దట్లో అట్నే దొర్లుంటావు. బీయే చదివినామని పెద్దోళ్ళ మాటంటే అలుసు. ఆఫీసు కుర్చీలో కాలు మీద కాలేసుకోనుంటే బిడ్డ యాడ తిరుగుతాది?"

డాక్టరమ్మ అలా అనలేదు. కొందరు బిడ్డలు ఎందుకు తిరగరో అన్నిసార్లూ తెలియదంది. ఉమ్మనీరు తక్కువైనా, గర్భసంచి ఆకారం వేరుగా ఉన్నా జరగొచ్చు, కొన్ని కుటుంబాల్లో తరతరాలుగానూ వస్తుందంది. "మీ ఇళ్ళల్లో ఎవరైనా ఇలా పుట్టారా?" అని అడిగితే అత్త గబుక్కున "మా వంశంలో లేదమ్మా" అంది. నా భర్త చెంగల్వరాయుడు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. నొప్పులకు ముందే ఆస్పత్రికి వచ్చి చేరమంది డాక్టరమ్మ. ఇంటికొచ్చాక మాత్రం "మంత్రసాని సరసమ్మ లేదా ఏంది?" అంది అత్త.

లీవు పెట్టి ఇంట్లో ఉండేసరికి నాకు మరొకటి కనిపించింది. నడుం పట్టుకుని వచ్చేవాళ్ళను అత్త గడప దాటనివ్వదు. చెవిలో ఏదో చెప్పి మా ఆయన బట్టల అంగడికి పంపేస్తుంది. నడుం నొప్పికీ బట్టల అంగడికీ ఏం సంబంధం?

అత్త స్నానానికి పోయినప్పుడు బియ్యం మండీ కేశవులు వంగిపోయి వచ్చాడు.

"మీ ఆయన యాడమ్మా? మూట ఎత్తితే పట్టేసింది. ఒక తన్ను తంతే పోతాది."

"తన్నడమేంది మామా?"

"ఎదురుకాళ్ళతో పుట్టినోడు తంతేనే కదా నడుం వదిలేది! తిరుత్తణిలో మీ ఆయన గాక ఇంకెవురున్నారు? వాణ్ణి కనేటప్పుడు మీ అత్త చావు చూసొచ్చింది. నీకు చెప్పలేదా?"

తడి జుట్టుతో వచ్చిన అత్త తలుపు దగ్గరే ఆగిపోయింది.

"ఏమత్తా?"

"చెప్తే తప్పు నా కొడుకు మీద పడదా?" అంది.

చావు చూసొచ్చిన మనిషే నన్నూ ఆ దారినే పంపాలనుకుంది.

సాయంత్రం ఆయన వచ్చి, "అమ్మ భయపడి దాచింది వసూ. సుమ్మా ఉండు, రచ్చ చెయ్యొద్దు" అన్నాడు.

"రేపు పొద్దున బండికి తిరువళ్ళూరు పోయి ఆస్పత్రిలో చేరతాను. మీరెట్ల పుట్టినారో డాక్టరమ్మకు మీ నోటితోనే చెప్పండి."

"అమ్మను ఒక మాట అడిగి..."

"నేనెవుర్నీ అడగలేదండీ. పోతా ఉండానని చెప్తా ఉండాను."