గరిడేపల్లి తోవలో రిహార్సల్

"లారీ కొట్టకపోతే ఎండ కొడతది. ఎండ కొట్టకపోతే నీళ్ళల్ల కాళ్ళకు తిమ్మిరొచ్చి మునుగుతవ్. మూడింట్ల ఏదో ఒకటి నిన్ను మింగుతది బిడ్డా, నా మాట ఇను."

నేనీ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. సూర్యాపేటలో మా ఇంటి వాకిట్లో నా బిడ్డ గోపిక సైకిల్ గొలుసుకు నూనె పెడుతోంది. తలెత్తకుండానే నవ్వింది.

"పందెంల మూడే ఉన్నయ్. నీ భయాలు గూడ మూడే ఉన్నయ్. మంచిగ కుదిరిందమ్మా."

ఆ పందెం పేరు ట్రయథ్లాన్. నాకు నోరు తిరగక మూడాటల పందెం అంటాను. ముందు సముద్రంలో ఈదాలి. ఒడ్డుకొచ్చి తడిబట్టల మీదనే సైకిలెక్కి ఊళ్ళకు ఊళ్ళు దాటాలి. సైకిల్ దిగి, కూర్చోకుండా, మళ్ళీ పరుగెత్తాలి. పొద్దున మొదలుపెడితే పొద్దు వాలేదాకా అదే పని. ఆగస్టులో మద్రాసు దిక్కు సముద్రం ఒడ్డున జరుగుతుందట. అక్కడ ఎండకు తోడు ఉబ్బరం కూడా ఉంటుందట. ఆ సంగతి కూడా చెప్పి గోపిక నన్ను ఇంకాస్త భయపెట్టింది.

గోపిక ఒక ప్రైవేటు బడిలో పీఈటీ టీచరు. పెద్దపిల్ల. నన్ను అడగకుండానే వెళ్ళవచ్చు. వాళ్ళ నాయన కొమురయ్య ఎప్పుడో సరే అన్నాడు. గొర్ల మంద వెంట ఏళ్ళ తరబడి తిరిగిన మనిషికి నడకన్నా, ఎండన్నా లెక్క లేదు. గోపిక మాత్రం నా దగ్గరే ఆగింది.

"నువ్వు ఇంట్ల కూసోని ఏడుస్తుంటే నాకు ఆడ కాళ్ళాడయ్. నీ నోటితోని పొమ్మంటేనే పోత. లేకుంటే పోనే పోను," అంది.

అంత బరువు నా నోటి మీద పెడుతుందని అనుకోలేదు. "ముందు గీడ నా కండ్ల ముంగట చెయ్యి. అప్పుడు చెప్త," అన్నాను.

"సరే. రిహార్సల్ అనుకో."

"నాటకానికి రిహార్సల్ అంటే ఎవలు సావరు బిడ్డా."

"మా బడి పిల్లల ఏకపాత్రాభినయాలు నువ్వెప్పుడు సూసినవమ్మా, సూసినోళ్ళు సచ్చిన్రు," అని మళ్ళీ నవ్వింది.

అది ప్రత్యేక రాష్ట్రం వచ్చిన నెల. జెండాలు, తోరణాలు ఇంకా రోడ్ల మీద వేలాడుతూ ఎండకు వెలిసిపోతున్నాయి. మృగశిర కార్తె వచ్చి వారం దాటినా చినుకు లేదు. పేపరు తీస్తే జిల్లా పేజీ నిండా వడదెబ్బ చావులే. నేను ఆ పేజీ ఒక్కటీ వదలకుండా చదివి, రాత్రి కొమురయ్యకు వినిపించేదాన్ని. ఆయన మధ్యలోనే గురక పెట్టేవాడు.

ఆదివారం తెల్లవారకముందే పెన్‌పహాడ్‌లో మా తమ్ముడి వ్యవసాయ బావి దగ్గరికి చేరాం. బావిలో నీళ్ళు అడుక్కు పోయాయి. అయినా మనిషి మునగడానికి చాలినన్ని ఉన్నాయి. బావిలో అవెప్పుడూ ఉంటాయి. కొమురయ్య గోపిక నడుముకు తాడు కట్టి కొస పట్టుకొని ఒడ్డున కూర్చున్నాడు. గోపిక గోడల వెంట గుండ్రంగా తిరుగుతూ ఈదుతోంది. చూస్తుంటే నాకే కళ్ళు తిరిగాయి. తల నీళ్ళలోకి పోయిన ప్రతిసారీ నేను ఊపిరి పట్టేదాన్ని. అది తేలితే వదిలేదాన్ని. పైకి వచ్చేసరికి దానికన్నా నేనే ఎక్కువ రొప్పుతున్నాను.

అక్కడి నుంచి సైకిల్. సూర్యాపేట మీదుగా కోదాడ, కోదాడ నుంచి హుజూర్‌నగర్ దాటి మిర్యాలగూడ. కొమురయ్య మా తమ్ముడి దగ్గరే ఆగిపోయాడు. వెనక ఆటోలో నేను. ఆటో సక్రుది. పక్క తండా మనిషి. మాకు ఏ పని పడినా వాడే వస్తాడు. నేను ఎక్కించిన సామాను చూసి దిగి నిలబడ్డాడు. నీళ్ళ బిందెలు, ఉల్లిగడ్డలు, వేపమండలు, గ్లూకోజు, ఉప్పు, గొడుగు, పడిపోతే పడుకోబెట్టడానికి బొంత.

"అక్కా, ఇది ఆటోనా, దవాఖాననా?"

"నోరు మూసుకొని నడుపు. దవాఖాన అవసరం రావద్దనే మొక్కుకుంటున్న."

హైవే మీద లారీ ఒక్కటి హారన్ కొట్టినా నా ప్రాణం పోయి వచ్చేది. గోపిక వీపు ముందుకు వంగి, ఒకే తీరుగా తొక్కుకుంటూ పోతోంది. కోదాడలో నీళ్ళ కోసం ఒక టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు కొట్టాయన ముందు గోపికను, వెనక నన్ను చూసి, "ఏవమ్మా, పిల్ల అలిగి వెళ్ళిపోతుందా ఏంటి? మీరు ఆటోలో బతిమాలుకుంటూ వెళ్తున్నారు!" అన్నాడు. సక్రు అరమైలు దాకా నవ్వుతూనే నడిపాడు.

మిర్యాలగూడ చేరేసరికి ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. రైసు మిల్లుల దగ్గర ఉడకబెట్టిన వడ్ల వాసన, దుమ్ము, వేడి అన్నీ కలిసి ముఖాన కొట్టాయి. సైకిల్ ఆటో మీద కట్టాం. గోపిక బూట్లు మార్చుకుంటుంటే నేను దాని టోపీ చుట్టూ వేపమండలు దోపాను. చలువ కదా అని నడుముకు కూడా ఒక దండలా చుట్టాను. జేబులో ఉల్లిగడ్డ పెట్టాను.

"పెట్టు అమ్మా, పెట్టు. అవి గూడ నాతోని ఉరుకుతయ్," అంది. వద్దనే ఓపిక లేదు దానికి.

ఇప్పుడు వచ్చిన తోవనే వెనక్కి గరిడేపల్లి దాకా పరుగు. సక్రు ఆటోను దాని పక్కనే మెల్లగా నడిపిస్తుంటే, నేను బయటికి వంగి చెంబుతో దాని నెత్తిన నీళ్ళు పోస్తున్నాను. పోసిన నీళ్ళు రోడ్డు మీద పడి క్షణంలో ఆరిపోతున్నాయి. మొదట్లో అడుగులు బాగానే పడ్డాయి. తర్వాత ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆటో ఎగిరి, మిగిలిన బిందె బోర్లా పడింది. ఇక నీళ్ళు లేవు. ముందు ఊరు ఎంత దూరమో తెలియదు. గోపిక పెదవులు తెల్లబడ్డాయి. అడుగు ఒక పక్కకు పోతోంది.

"ఎక్కు బిడ్డా. సాలు. బాగనే సేసినవ్ గద. ఎక్కు," అన్నాను.

తల అడ్డంగా ఊపింది. ఎప్పుడూ నవ్వుతూ ఎదురు చెప్పేది ఉత్తగా తల ఊపడమే నన్ను అన్నిటికన్నా భయపెట్టింది.

అప్పుడు వచ్చింది ఆ ఊరు. రోడ్డు పక్కనే నీళ్ళ ట్యాంకరు వచ్చి పోయినట్టుంది, ఆడవాళ్ళంతా నిండు బిందెలతో వేపచెట్టు కింద నిలబడి ముచ్చట్లు పెడుతున్నారు. పొద్దున వాళ్ళ ఊళ్ళో కప్పతల్లి ఆట ఆడారట. వానలు రాకపోతే మా దిక్కు రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి ఇంటింటికీ తిప్పుతారు. ప్రతి ఇంటి ముందు బిందెడు నీళ్ళు కుమ్మరిస్తారు. వాళ్ళ మనసు ఇంకా ఆ ఆట మీదే ఉంది. అప్పుడే చెమటతో ఒళ్ళంతా తడిసి, నెత్తిన వేపమండలతో, నడుముకు వేపమండలతో నడిఎండలో ఒక పిల్ల ఉరుకుతూ వచ్చింది. వెనక ఆటోలో తల్లి ఖాళీ చెంబు పట్టుకొని ఉంది.

ఒక పెద్దామె బిందె ఎత్తుకొని రోడ్డు మీదికే వచ్చింది. తర్వాత తెలిసింది, ఆమె పేరు సుక్కమ్మ.

"అవ్వో, సూడుండ్రే! ఎవలో వాన కోసం మొక్కుకున్నరు! ఒక్కతే ఉరుకుతున్నది తల్లీ!"

నేను కాదనబోయాను. సక్రు గాడు నాకన్నా ముందే, "అవునవ్వా! వానకే! పొయ్యుండ్రి, పొయ్యుండ్రి!" అని అరిచాడు.

సుక్కమ్మ బిందె ఎత్తి గోపిక నెత్తిన కుమ్మరించింది. ఆ వెనక ఇంకొకామె. ఆ వెనక ఇంకొకామె. గోపిక కళ్ళు మూసుకొని, నోరు తెరిచి అక్కడే నిలబడింది. నీళ్ళు మెడ మీద, భుజాల మీద, వీపు మీద పారుతుంటే దాని ముఖంలోకి రంగు తిరిగి రావడం నా కళ్ళతో చూశాను. ఆ నిమిషాన వాళ్ళందరి కాళ్ళు మొక్కాలనిపించింది.

కాని నేను ఊరికే సంతోషపడే మనిషిని కాను. ముందు, వేడి ఒంటి మీద అన్ని చల్లటి నీళ్ళు పోస్తే గుండె ఆగుతుందేమోనని భయపడ్డాను. అది ఆగలేదు. తర్వాత ఇంకో భయం పట్టుకుంది. దేవుని పేరు చెప్పి తాగే నీళ్ళు పోయించుకున్నాం. రేపు వాన రాకపోతే ఆ పాపం ఎవరి నెత్తిన? నా బిడ్డ నెత్తినే కదా. ఆటో దిగి సుక్కమ్మ చేయి పట్టుకున్నాను.

"అక్కా, ఇది మొక్కు కాదు. ఈ ఆటో మనిషి నవ్వులాటకు అన్నడు. నా బిడ్డ మద్రాసుల పందెం ఉరుకుతదట. దానికి ఇయ్యాల రిహార్సల్. మీ నీళ్ళు దండుగ చేసినం. తప్పైంది."

నవ్వులు ఆగిపోయాయి. బిందె ఎత్తబోయిన ఒక పిల్ల మళ్ళీ చంకన పెట్టుకుంది. సక్రు హ్యాండిల్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"గెలిస్తే ఏమిస్తరు?" అని అడిగింది సుక్కమ్మ.

"గెలుసుడేం లేదక్కా. ఆఖరు దాకా చేసినోళ్ళకు మెడల ఓ బిళ్ళ ఏస్తరట."

"బంగారందా?"

"ఏం బంగారం. ఇనుపదో, ఇత్తడిదో."

"పైసలు?"

"ఎదురు మనమే కట్టాలె."

సుక్కమ్మ బుగ్గన చేయి పెట్టుకుంది. "వాళ్ళేమో ఏమియ్యరు. మనమే ఎదురు కట్టాలె. గింత ఎండల పానం మీదికి తెచ్చుకొని ఉరకాలె. మరింక మొక్కంటే గిదే గదనే! నువ్వు కాదంటవేంది?"

అందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు. చంకన బిందె ఉన్న పిల్ల వచ్చి దాన్ని నా బిడ్డ మీద గుమ్మరించి, "పో అక్కా, ఉరుకు!" అంది. ఎవరో ఉప్పు వేసిన మజ్జిగ తెచ్చారు. గోపిక రెండు చేతులా పట్టుకొని తాగి, "నీ కడుపు సల్లగుండ అవ్వా," అంది. సుక్కమ్మ ఊరి పొలిమేర దాకా కాళ్ళ కడియాలు మోగించుకుంటూ దానితో పాటు ఉరికింది. అంతకు ముందే మా ఆటోలో ఖాళీ బిందె తీసుకొని, ఒక నిండు బిందె పెట్టింది. వద్దన్నా వినలేదు.

అంతటితో అయిపోలేదు. వాళ్ళలో ఎవరో ముందు ఊళ్ళో ఉన్న ఆడబిడ్డకు ఫోన్ చేసినట్టుంది. ఆ ఊరు వచ్చేసరికి రోడ్డుకు రెండు వైపులా బిందెలు! "మద్రాసు మొక్కు పిల్ల వచ్చింది, మద్రాసు మొక్కు పిల్ల!" అని అరుపులు. వాన రాలేదు. ఆకాశంలో గుడ్డపీలికంత మబ్బు కూడా లేదు. అయినా గరిడేపల్లి చేరేదాకా నా బిడ్డ ఒళ్ళు ఆరలేదు.

గరిడేపల్లి బస్టాండు ముందు అరుగు మీద కూలబడి గోపిక బూట్లు విప్పింది. పాదాలు నానిపోయి ముడతలు పడ్డాయి. నేను కొంగుతో తుడుస్తుంటే నా వైపు చూసింది.

"నీ కండ్ల ముంగటనే చేసిన. ఇగ చెప్పమ్మా."

నేను ఇంకో పాదం తుడవడం మొదలుపెట్టాను.

"ఆడ గూడ తోవ పొంటి నీళ్ళిచ్చేటోళ్ళు ఉంటరమ్మా. ఎవలన్న పోయి నిలబడొచ్చు. అందరు మన అసొంటోళ్ళే."

తడిసిన కొంగు పిండుకున్నాను. నా లోపల సముద్రం ఉంది, దానికి అడుగు లేదు. తెలియని ఊళ్ళు, తెలియని లారీలు ఉన్నాయి. అవన్నీ పొద్దున ఉన్నట్టే ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు. కాని వాటి మధ్య, నా బిడ్డ పేరు కూడా అడగకుండా నిండు బిందెలు ఎత్తిన చేతులు కూడా ఇప్పుడు కనబడుతున్నాయి. పందెంలో ఉరికే ప్రతి పిల్లకూ ఇంటి దగ్గర నాలాంటిది ఒకతి గుండె పట్టుకొని కూర్చుని ఉంటుంది కదా అనుకున్నాను. మిర్యాలగూడ బస్సు వచ్చి, జనాన్ని దించి, వెళ్ళిపోయింది. సక్రు బీడీ అంటించి, అది కాలిపోయేదాకా పీల్చాడు. గోపిక జుట్టులో చిక్కిన వేపాకులు ఒక్కొక్కటే తీసుకుంటూ కూర్చుంది.

"ఆ నీళ్ళిచ్చేటోళ్ళల్ల నన్ను గూడ నిలబెట్టమని చెప్పు," అన్నాను చివరికి. "బిందె నేనే తెచ్చుకుంట."