గుడ్లగూబకు పెట్టిన కుంకుమ

2019 అక్టోబరు ఏడు, సోమవారం, ఆయుధపూజ. పొద్దున ఒబ్బట్లు, అలసంద వడలు తిన్నాం. నెయ్యి ఎక్కువైందని నేనంటే, పండగ పూట కూడా సణుగుడేనా అని నా భార్య సౌభాగ్య నవ్వింది.

మా ఇల్లు కోలారు బంగారు గనుల ఊళ్ళో, కోరమండల్ పేటలో, గని కార్మికుల పాత లైను ఇళ్ళలో ఉంది. మా నాయన చిత్తూరు పక్క పల్లె నుంచి గని పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. గని అడుగున బండ పగిలినప్పుడల్లా ఇల్లు అదిరేది. ఆ అదురుకే వెనక గది తలుపు చట్రం వంగింది. గని మూతబడి ఇన్నేళ్ళయినా ఆ తలుపు నేలను గీరుకుంటూ కీచుమంటుంది. గొళ్ళెం పట్టి కాస్త పైకెత్తి వేస్తే చప్పుడు రాదు. ఆ ఒడుపు సౌభాగ్యకే తెలుసు. నేను లోపల నాణేలు చూసుకుంటుంటే కాఫీ పెట్టి, అలా తలుపు వేసి వెళ్ళేది.

అవి ప్రాచీన గ్రీకు వెండి నాణేలు, ఆరు. కాలేజీలో చరిత్ర చెప్పిన ముప్పై ఏళ్ళలో ఒక్కొక్కటే సంపాదించాను. వాటిలో ఏథెన్స్ నాణెం నాకు ప్రాణం. ఒకవైపు దేవత ముఖం, ఇంకోవైపు గుడ్లగూబ.

"గూబ దూరితే జనం ఇల్లు ఖాళీ చేస్తారు. మీరేమో వెతికి తెచ్చి పెట్టుకున్నారు," అనేది సౌభాగ్య.

ఆ రోజు నేను బజారు నుంచి వచ్చేసరికి దేవుడి ముందు మా నాయన గని దీపం, కత్తిపీట, వాటి పక్కన తమలపాకు మీద ఆరు నాణేలు తళతళలాడుతున్నాయి. చింతపండుతో తోమి, విబూదితో రుద్ది, ఒక్కోదానికి కుంకుమ పెట్టింది. ఎవరి పనిముట్లకు వాళ్ళు పూజ చేసే రోజు. నా పనిముట్లు అవేనని ఆమె ఉద్దేశం.

పాత వెండి మీది నలుపే దాని వయసు. సేకరించేవాళ్ళు దాన్ని గోటితో కూడా తాకరు.

"రెండువేల నాలుగువందల ఏండ్ల నలుపు ఒక్క గడియలో కడిగి పారేసినావు. ఇంగ ఆ గదిలో అడుగు పెట్టొద్దు," అన్నాను.

ఆమె మధ్యాహ్నం మళ్ళీ ఒబ్బట్టు వడ్డించింది, నెయ్యి తక్కువ వేసి.

అప్పటి నుంచి కాఫీ గడప ఇవతలే పెట్టేది. రమ్మని నేను అనలేదు. మరుసటి ఫిబ్రవరిలో గుండె ఆగి చనిపోయింది.

ఆ తర్వాత నేను నాణేల పెట్టె తెరవలేదు. గదిలో ఊరికే కూర్చునేవాణ్ణి. సాయంత్రాలు గడప దగ్గర చింతపండు వాసన వచ్చేది. గాజులు ఒక్కసారి కదిలి ఆగేవి. తలెత్తితే ఎవరూ ఉండరు. చనిపోయాక కూడా నా మాట దాటలేక బయటే నిలబడి ఉందేమోనన్నదే నా భయం.

ఐదేళ్ళకు, మళ్ళీ ఆయుధపూజ నాడు, కోలారు నుంచి శ్రీనివాసమూర్తి వచ్చాడు. ఆయనకూ నాణేల పిచ్చి. బలవంతాన పెట్టె తెరిపించి, ఏథెన్స్ నాణేన్ని భూతద్దంలో చూసి నవ్వాడు.

"ఏమప్పా, గూబకు కుంకుమ పెట్టి కాపురానికి తెచ్చుకున్నావా?"

చూశాను. వెండి గాలికి మళ్ళీ మసకబారుతోంది. గూబ కంటి గుంటలో మాత్రం ఎర్రటి చుక్క అలాగే ఉంది.

"వేపపుల్లతో గీకితే పోతాదిలే. ఇట్లా ఇయ్యి."

"వద్దప్పా. ఉండనీ."

"చూసినోళ్ళు నవ్వుతారు."

"నవ్వనీ. మా ఆమె పెట్టింది."

ఆయన భూతద్దం దించాడు. ఇంకేమీ అడగకుండా, వడ ఇంకొకటి ఉండాదా అన్నాడు. ఆ మేలు మరచిపోలేను.

ఆయన బస్సుకు వెళ్ళాక ఆ గదిలోనే దీపం పెట్టి, నాణేలను తమలపాకు మీద పరిచాను. తక్కిన ఐదింటికీ నా చేత్తో కుంకుమ పెట్టాను. గడప వైపు తిరిగి, "తప్పు నాదే సౌభాగ్యా. లోపలికి రా," అన్నాను.

గాజులు కదల్లేదు. చాలాసేపు కూర్చుని, వంటింట్లోకి పోయి కాఫీ గిన్నె కడిగాను. తలుపు వేయలేదని గుర్తొచ్చి వెనక్కి తిరిగాను.

వెనక గది తలుపు మెల్లగా కదులుతోంది. నేలను గీరలేదు. కీచుమనలేదు. ఎవరో గొళ్ళెం పట్టి కాస్త పైకెత్తి, రాత్రికి లోపలి నుంచి తలుపు వేసుకున్నారు.