డాబా మీద ఊపిరి

కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళు మా డాబా మీద పెట్టిన మిషను ఊపిరి పీలుస్తుంది. ఇది నేను కల్పించిన మాట కాదు. దాన్ని తెచ్చిన ఇంజనీరు గోపీనాథ్ చెప్పిందే.

"మనిషి పీల్చినట్టే గాలిని లోపలికి లాగుద్ది మామ్మగారూ. లోపల తెల్ల కాయితం ఉంది. గాలిలో ఉన్న మసంతా దానిమీద పడుద్ది. సాయంత్రం దాకా ఎవరూ దగ్గరికి రాగూడదు."

మా ఇంటి వెనక సున్నపు బట్టీ ఉంది. గాలి ఇటు తిరిగితే దాని పొగంతా మా వీధిలోనే దిగుతుంది. పక్కింటి జీనత్ అర్జీల మీద అర్జీలు పెడితే మండలి వాళ్ళు ఇంతకుముందు రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ బట్టీ వాళ్ళకు ముందే కబురందింది. మంట తగ్గించేశారు. కాయితం శుభ్రంగా వచ్చింది. అందుకే ఈసారి గోపీనాథ్ ఎవరికీ చెప్పకుండా తెల్లవారుతూనే దిగాడు.

"ఇయ్యాల ఒక్కరోజే మనకున్నది. రేపటికల్లా వాళ్ళకు తెలిసిపోద్ది" అన్నాడు.

జీనత్ మనవరాలు హీనా పీల్చే మందు సంచిలో లేకుండా బడికి పోదు. కాయితం నల్లబడితేనే బట్టీకి నోటీసు వెళుతుంది. ఆ సంగతి నాకు బాగానే అర్థమయింది.

అతను వెళ్ళాక ఆ చప్పుడు నాకు వినబడసాగింది. బియ్యం కడుగుతుంటే కప్పులోంచి దిగివస్తోంది. మా ఆయన త్రికోటేశ్వరరావు ఆఖరి వేసవిలో మంచం పక్కన పెట్టిన ఆక్సిజన్ మిషను చప్పుడు అచ్చం ఇలాగే ఉండేది. ఆయన ఆ బట్టీలోనే మేస్త్రీ. ఊపిరితిత్తులు పాడైపోయాయని, ఇంటికి తీసుకుపొమ్మని నరసరావుపేట డాక్టరు చెప్పాడు. ఆ వేసవంతా నేను ఎక్కడున్నా చెవి ఆ చప్పుడు మీదే. అది ఆగితే ఆయన వెళ్ళిపోయినట్టని నా భయం. తీరా ఆయన పోయాక కూడా అది తిరుగుతూనే ఉంది. ఆయన ఏ క్షణాన వెళ్ళాడో నాకు తెలియనే లేదు.

ఉండబట్టలేక పైకెక్కాను. బట్టీ గొట్టంలోంచి పొగ ముద్దలుగా వస్తోంది. మిషను దాన్ని ఆపకుండా పీలుస్తోంది.

"పీల్చమాకయ్యా" అన్నాను పైకే.

కిందికి పోయి రెండు దుప్పట్లు నీళ్ళలో ముంచి పిండి తెచ్చాను. మిషను చుట్టూ బట్టలారేసే తీగ లాగి, దాని మీద కట్టాను. ఆయన గది కిటికీలకు అలాగే కట్టేదాన్ని. చప్పుడు కాస్త తేలికైనట్టు అనిపించి అక్కడే చతికిలబడ్డాను.

జీనత్ తన డాబా మీదికి మిరపకాయలు ఆరబోయడానికి వచ్చింది.

"ఏంది పున్నమ్మక్కా! ఊళ్ళో ఇంకెక్కడా చోటు లేనట్టు దుప్పట్లు దాని చుట్టూ ఆరేశావు?"

"దుమ్ము పోతందే లోపలికి."

"పోవాలనే గదా పెట్టింది! నీకు మతుందా..."

నా ముఖం చూసి ఆగిపోయింది. చేట కింద పెట్టి గోపీనాథ్‌కు ఫోన్ చేసింది.

అతను పరుగున వచ్చాడు. మూత తెరిచాడు. కాయితం పెట్టింది పెట్టినట్టే తెల్లగా ఉంది.

"ఇది పనికిరాదు మామ్మగారూ. కొత్తది పెడతా. ఇప్పటినుంచి పొద్దుగుంకే దాకా తిరిగితే చాలు. ఈలోపల వాళ్ళు గాని చూశారో, అయిపోయినట్టే."

దుప్పట్లు నేనే విప్పాను. "నేనిక్కడే కూర్చుంటా" అన్నాను.

అతను అనుమానంగా చూశాడు.

"మీరు పోండి సారూ. అక్క కదిలితే మిరపకాయల్లో పొర్లిస్తా" అంది జీనత్.

ఎండ వాలింది. బట్టీ వాళ్ళెవరూ ఇటు చూడలేదు. మిషను పీలుస్తూనే ఉంది. బడి వదిలాక కింద హీనా దగ్గు మొదలయింది. నా వెనక మంచం కిర్రుమంది. మా డాబా మీద మంచం లేదు. నీళ్ళు అడిగినట్టు సన్నగా ఓ గొంతు. తడి దుప్పట్లు చేతికందే దూరంలోనే ఉన్నాయి. కింద పిల్ల మళ్ళీ దగ్గింది. నేను వెనక్కి తిరగలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

పొద్దుగుంకాక గోపీనాథ్ వచ్చి స్విచ్ ఆపాడు. చప్పుడు సన్నబడి, సన్నబడి, ఆగింది. నా చెయ్యి దానంతటదే మిషను మూతి దగ్గరికి పోయింది. గాలి ఆడటం లేదు. నేను చెయ్యి తీశాక అతను మూత ఎత్తాడు.

కాయితం పొయ్యి మీది కుండ అడుగులా ఉంది.

"ఆయన లోపల కూడా ఇట్టాగే ఉండేదా బాబూ?"

"తాకమాకండి మామ్మగారూ" అన్నాడు మెల్లగా. "చెయ్యి తగిలితే మసి తూకం మారిపోద్ది." అంచులు పట్టుకుని దాన్ని కవరులోకి జార్చాడు.

"అక్కా, ఏమొచ్చింది?" కింద నుంచి జీనత్ కేక.

పిట్టగోడ దగ్గరికి పోయాను. జీనత్ పక్కన హీనా కూడా తలెత్తి చూస్తోంది.

"నల్లగా వచ్చిందే. చానా నల్లగా."

జీనత్ రెండు అరచేతులూ ముఖం మీదుగా పోనిచ్చి, అలాగే కళ్ళు మూసుకుని నిలబడింది. హీనా నాకు చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. వెనక గోపీనాథ్ మిషను ఎత్తుకుని మెట్లు దిగుతున్నాడు. నేను పిట్టగోడ పట్టుకుని, ఆ అడుగుల చప్పుడు ఆఖరిమెట్టు దాటేదాకా విన్నాను.