రేపటిని ముందే చూసిన చెల్లెలు

తూకపు బల్ల తుడవాలి. తపాలా సంచులు ముందుగా తూచాలి. పాస్టరుగారిని తోక వైపు కాకుండా రెక్కల దగ్గర కూర్చోబెట్టమని పైలట్‌కు చెప్పాలి. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి కాల్చిన పొట్లాలు బుట్టలో సర్దాలి. అన్నకు ఫోను చెయ్యాలి. మధ్యాహ్నం విమానంలో తానే నిన్నటికి బయల్దేరాలి.

ఒక ద్వీపదేశపు రాజధాని ఆపియా పక్కనున్న చిన్న విమానాశ్రయంలో సలోటా పని, పొరుగు దీవిలోని పాంగో పాంగో వెళ్లే ప్రతి మనిషినీ సామానుతో సహా తూచడం. చిన్న విమానం, బరువు ఒక పక్కకు పోతే కష్టం. ఆమెవి వెడల్పాటి పాదాలు, చెవి వెనక ఎర్ర మందారం, ఎప్పుడూ కొంచెం వాచి ఉండే కుడి మోకాలు. ముల్లు చూపించింది పైకి చదవదు. చీటీ మీద రాసి మడిచి ఇస్తుంది. అందుకే ఒళ్లున్న ఆడవాళ్లు ఆమె పనిలో ఉండే రోజు చూసుకుని మరీ ప్రయాణం పెట్టుకుంటారు. పాస్టరుగారిని మాత్రం వదలదు. ప్రసంగాలు ఇంట్లో దింపి రాకూడదా అని ఆ పొద్దున కూడా అడిగింది.

ఆపియాలో శనివారమైతే సముద్రం అవతల పాంగో పాంగోలో శుక్రవారం. గడియారం ముల్లు తిప్పే పని లేదు, తేదీ ఒక్కటే వెనక్కి పోతుంది. ఒకప్పుడు రెండు చోట్లా ఒకే తేదీ. వ్యాపారాలకు బాగుంటుందని ఈ దేశం ఒక శుక్రవారాన్ని కాలెండరులోంచి తీసేసింది. జనం గురువారం పడుకుని శనివారం లేచారు. అప్పట్నుంచి పుట్టినరోజు ఇక్కడ చేసుకుని, కేకు ఒళ్లో పెట్టుకుని, మళ్లీ చేసుకోవడానికి అక్కడికి ఎగిరేవాళ్లు తయారయ్యారు. వాళ్లను ఎందరినో తూచింది గాని, సలోటా ఎన్నడూ ఎక్కలేదు.

పాంగో పాంగోలో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసే లోపెతి ఆమె కవల. అమ్మ కడుపులోంచి ముందు వచ్చినవాడు గనక చిన్నప్పట్నుంచీ అన్నా అని పిలిపించుకున్నాడు. తేదీ మారాక ఆమె పుట్టినరోజు ఒక రోజు ముందు రావడం మొదలైంది. ఆ రోజునుంచీ అతను వెక్కిరింపుగా అక్కా అంటున్నాడు. ఏటా ఆ పొద్దున ఆమె ఫోను చేసి అతని రేపటి రోజు ఎలా ఉందో చెప్పేది. ఈ శనివారమూ చేసింది.

"అరవై వచ్చేశాయా అక్కా? ఎలా ఉన్నాయేంటి?"

"నీ రేపట్లోనే కూచున్నా అన్నా. వాన లేదు. మోకాలు నొప్పి ఉంది. భయపడాల్సిందేం లేదు, వచ్చెయ్."

"నాకింకా యాభైతొమ్మిదే. నువ్వే వెనక్కి రా, ఇద్దరం కలిసి ముసలాళ్లమవుదాం."

షిఫ్టుకు పిలుస్తున్నారని పెట్టేశాడు.

పొద్దుటి విమానం లేచాక, సలోటా మధ్యాహ్నం వాళ్లను తూస్తుండగా లోపెతి నంబరు నుంచే ఫోను వచ్చింది. మాట్లాడింది ఫ్యాక్టరీ ఆఫీసు మనిషి. ఈ ఫోనులో చివరి పిలుపు మీదేనని, లోపెతి శుక్రవారం పొద్దున పని దగ్గర కూలి చనిపోయాడని చెప్పాడు.

సలోటాకు నవ్వొచ్చినంత పనైంది. శుక్రవారమంటే నిన్న కదా.

"మీరెవర్నో చూసి మా వాడనుకున్నారు బాబూ. శుక్రవారం పోయినవాడు ఇవాళ పొద్దున నాతో ఎలా మాట్లాడతాడు?"

ఆఫీసు మనిషి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఇక్కడ ఇవాళే శుక్రవారం."

కొత్తగా ప్రయాణం చేసేవాళ్లు రోజూ చేసే పొరపాటు అది. రోజూ దిద్దేది ఆమే. తూకపు బల్ల మీదే కూలబడింది. ముల్లు ఊగి, నిలబడింది. ఎవరూ చదవలేదు. వరుసలో ఉన్న ఒక ముసలాయన ఆమె చెయ్యి పట్టుకుని, "వెళ్లు తల్లీ. వెళ్లేది నిన్నటికేగా," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. విమానం సముద్రం మీదున్నంతసేపూ ఆమె ఆ మాటను గట్టిగా పట్టుకుని కూర్చుంది.

దిగేసరికి శుక్రవారమే. లోపెతి మాత్రం శుక్రవారంలో కూడా లేడు.

మర్నాడు ఆమెకు మళ్లీ అరవై వచ్చింది. వాన లేదు. మోకాలు నొప్పి ఉంది. ఆ రోజును ఆమె ముందే చూసింది, అందులో అన్న లేడన్నది ఒక్కటే చూడలేకపోయింది. అన్న ఇంట్లో పిల్లలు పుట్టినరోజు పాట మొదలెట్టబోతే పెద్దవాళ్లు కళ్లతో ఆపారు. ఆ ఏడు సలోటా ఒక్కతే పెద్దదైంది.

మీ ఇళ్లలో రేపు పుట్టినరోజు ఉన్నవాళ్లెవరైనా ఉంటే, వాళ్లకు శుభాకాంక్షలు చెప్పేటప్పుడు లోపెతిని ఒకసారి తలుచుకోండి. అతని ఇంటి మెట్ల మీద, షిఫ్టు వాళ్లు కడిగి తెచ్చి బోర్లించిన, అతను పనిలో వేసుకున్న తెల్ల రబ్బరు బూట్లు ఇంకా నీళ్లు ఓడుతూనే ఉన్నాయి.