ముద్ర పడిన తప్పు

నేను ఒక రబ్బరు ముద్రను. వేలెడంత కర్రపిడి, దాని అడుగున అతికించిన ఎర్ర రబ్బరు ముక్క, ఆ ముక్క మీద తిరగేసి చెక్కిన ఒకే ఒక్క మాట: ‘పరిశీలించడమైనది’. జోగిపేట బస్టాండు ఎదుట ముద్రలు చేసే చిన్న కొట్టులో పుట్టాను. నన్ను చెక్కిన ముసలాయన కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, “ఏం పరిశీలిస్తరు సారూ?” అని అడిగాడు.

“పిల్లల నోటుబుక్కులు,” అన్నాడు విఠల్ సారు.

“చూస్తే సాలదా? ముద్రెందుకు?”

“చూసినట్టు కనబడాలె గదా పెద్దమనిషీ.”

విఠల్ సారు పని దొంగ అనుకోకండి. ఏడో తరగతి దాకా ఉన్న ఒక పల్లె బడిలో లెక్కలూ సైన్సూ ఆయనే చెప్పాలి. మధ్యాహ్న భోజనం బియ్యం దగ్గర్నుంచి ఓటర్ల జాబితా దాకా అన్నీ ఆయన నెత్తినే. నోటుబుక్కులు కుప్ప పోసుకుని, పేజీ తిప్పడం, నన్ను దించడం, మళ్లీ తిప్పడం. పది నిమిషాల్లో నలభై పుస్తకాలు అయిపోయేవి. నా బతుకంతా బోర్లా పడటమే కాబట్టి పేజీలో ఏముందో నాకు తెలిసేది కాదు. కాగితం వాసన తెలుసు, అంతే. అయినా ప్రతి పేజీ మీదా ‘పరిశీలించడమైనది’ అని చెప్పుకుంటూ వచ్చాను. మనుషులు నా మాట నమ్మేవాళ్లు. నాకది వింతగానే ఉండేది.

విఠల్ సారు రిటైరయ్యే రోజున నన్ను కొత్తగా వచ్చిన బాలమణి టీచర్ చేతిలో పెట్టాడు. “నీకు పనికొస్తది బిడ్డా. చెయ్యి నొయ్యదు.” ఆమె వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. పెద్దలు ఇచ్చింది కాదనడం తెలియదు. నెల రోజులు నన్ను శ్రద్ధగా వాడింది.

ఆ ఏడో తరగతిలో నవనీత అనే పిల్ల ఉండేది. ఏడు అయిపోతే ఊళ్లో బడి లేదు. గురుకులం ప్రవేశ పరీక్షలో గట్టెక్కితే ఎనిమిదో తరగతి, లేకుంటే మేనత్త పక్కన కూర్చుని బీడీలు చుట్టడం అని తల్లి తేల్చి చెప్పేసింది. పరీక్ష ఇంకా రెండు నెలలుంది.

ఒకరోజు బాలమణి టీచర్ భిన్నాల మీద పది లెక్కలిచ్చింది. నవనీతవి పదీ తప్పే. కోపం రావలసిన చోట ఆమెకు కుతూహలం పుట్టింది. ఎందుకంటే పదీ ఒకే తీరున తప్పాయి. నన్ను బల్ల మీద పక్కన పడేసి నవనీత పాత నోటుబుక్కులు తెప్పించింది. వెల్లకిలా పడి ఉన్నాను గనక, ముద్రల కొట్టు వదిలాక మొదటిసారి నా కంటికి పైనున్న లోకం కనిపించింది. రెండేళ్ల నోటుబుక్కుల్లో అదే తప్పు. ప్రతి తప్పు కిందా నేను.

“రెండింట ఒకటికి మూడింట ఒకటి కలిపితే ఐదింట రెండు ఎట్లొచ్చింది బిడ్డా? తిట్టను, చెప్పు.”

నవనీత చున్నీ కొస వేలికి చుట్టుకుంది. “మీదియి మీదికి కలిపిన టీచర్, కిందియి కిందికి.”

“అట్ల ఎవరు చెప్పిండ్రు?”

“ఎవ్వలు చెప్పలే. విఠల్ సారు మార్కులు గట్లనే కలుపుతుండె. రాతపనికి పదికి ఏడు, స్లిప్ టెస్టుల ఇరవైకి తొమ్మిది. మొత్తం ముప్పైకి పదహారని కాయితం మీద రాసిచ్చిండు.”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. బాలమణి టీచర్ నవ్వలేదు. పిల్ల చెప్పిన దాంట్లో పొరపాటు ఎక్కడుందో ఆమెకే చప్పున తట్టలేదు. “రేపు చెప్త. నేను గూడ ఆలోచించాలె,” అంది. అంతవరకు ఏ మేష్టారి నోటా నేనా మాట వినలేదు.

మర్నాడు టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టె తెచ్చింది. సగం తుంచి నవనీత చేతిలో పెట్టింది. “ఇంకో మూడో వంతు గూడ ఇస్తే నీ దగ్గర సగం కన్న ఎక్కువుంటదా, తక్కువుంటదా?”

“ఎక్కువనే.”

“మరి నీ ఐదింట రెండు?”

నవనీత పలక మీద గీతలు గీసుకుంది. చాలాసేపు చూసింది. “సగం కన్న తక్కువ టీచర్,” అని తన చేతిలోని రొట్టెను అనుమానంగా చూసింది.

“మార్కులల్ల ప్రశ్నలు పెరుగుతయి. పదికి ఇరవై తోడైతే ముప్పై అయినయి. ఇక్కడ రొట్టె పెరగలే, ఒక్కటే ఉంది.”

ఆ రోజు నుంచి నాకు పని పోయింది. బాలమణి టీచర్ వారానికి నాలుగే లెక్కలు ఇచ్చేది. మార్కులు వేసేది కాదు. తప్పున్న చోట అంచున ఒక ప్రశ్న రాసేది: ‘ఇది సగం కన్నా పెద్దదా?’, ‘ముక్కలు సమానంగా ఉన్నాయా?’ నవనీత దాని కింద జవాబు రాసి, లెక్క మళ్లీ చేసి తెచ్చేది. ఒక్కోసారి తిరిగి తనే ప్రశ్న రాసేది.

హెడ్మాస్టరు ఆ పుస్తకం చూసి తల గోక్కున్నాడు. “గిదేందమ్మా, ఉత్తరాలు రాసుకున్నట్టుంది? ఆఫీసరొస్తే ముద్ర అడుగుతడు.”

“పుస్తకం తెరిచి సదవమంటా సార్.”

“సదువుతడా?” అన్నాడాయన, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

పరీక్ష అయిపోయింది. గురుకులం వాళ్ల మొదటి జాబితాలో నవనీత పేరు రాలేదు. తల్లి అప్పుడే బీడీల చాట కొనిపెట్టింది. రెండో జాబితాలో పేరు వచ్చింది. టీసీ కోసం తల్లీ కూతుళ్లు బడికి వచ్చిన రోజు, మా వంశంలో పెద్దదైన గుండ్రటి బడిముద్ర కాగితం మీద దర్జాగా పడింది. నేను సుద్దముక్కల డబ్బాలోంచి వింటున్నాను. నా కాలం అయిపోయింది. రబ్బరు ఎండి పగిలింది. ఇంకెవరికీ ఏదీ చూశానని చెప్పలేను.

హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు. తల్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నవనీత మాత్రం బాలమణి టీచర్ బల్ల దగ్గరే నిలబడి ఉంది.

“పరీక్షల ఒక లెక్క తప్పు జేసిన టీచర్.”

“సీటొచ్చింది గదా, ఇంకేంది?” అంది తల్లి.

“గది కాదమ్మా. యాడ తప్పిందో ఎవ్వలు చెప్పకముందే, తిరిగొచ్చేటప్పుడు బస్సులనే దొరికింది నాకు.”

బాలమణి టీచర్ కుర్చీ జరుపుకుని కూర్చుంది. “ఏదీ, చూపియ్యి.”

నవనీత డబ్బాలో చెయ్యి పెట్టి, నన్ను పక్కకు తోసి, సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్లింది.