సగటు ఆయుష్షు

నా బావమరిది ఏటి అవతలి దేశంలో భూగోళం మాస్టారు. ఏడాదికోసారి సెలవుల్లో వంతెన దాటి మా ఇంటికి వచ్చేవాడు. సంచీ కింద పెట్టకముందే నా పంపుల రిపేరు షాపులో స్టూలు లాక్కుని కూర్చుని, రెండు దేశాలనీ పక్కపక్కన నిలబెట్టేవాడు.

"వైశాల్యంలో మీరే పెద్ద బావా, ఒప్పుకుంటాను. అందులో సగం ఇసుకే."

"ఇసుకైనా మాదే కదరా."

"జనాభాలోనూ మీరే. మరి చదువొచ్చినవాళ్ళో? మీకు నూటికి యాభై, మాకు తొంభై. ఆ యాభైలో నిన్ను కలిపారో లేదో మరి."

నేను పల్లె బడిలో ఏడో తరగతి దాకా చదివాను. కాలిన మోటారులోంచి రాగితీగ లాగుతూ వినేవాణ్ణి. వాడి మాటల్లో అబద్ధం ఉండేది కాదు. వాడితో వచ్చిన చిక్కే అది. రాజధానులు, శిఖరాల ఎత్తు, రైలు పట్టాల పొడవు, అన్నీ నోటికొచ్చు. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి ఆయుష్షు దగ్గరికి వచ్చి ఆగేవాడు. వాళ్ళ దేశంలో మనిషి సగటున డెబ్బై ఆరేళ్ళు బతుకుతాడు. మా దేశంలో అరవై ఒకటి.

నా భార్య ఆ ఒడ్డున పుట్టి ఈ ఒడ్డుకి కాపురానికి వచ్చింది. ఒకసారి టీ గ్లాసులు దించుతూ అడిగింది.

"మరి నేను ఎవరి లెక్కలోకి వస్తానురా?"

"గడప దాటావుగా అక్కా. వీళ్ళ లెక్కలోకే."

"అయితే పదిహేనేళ్ళు వదులుకున్నానన్నమాట. అదీ ఈయన మొహం చూసి."

ముగ్గురం నవ్వాం.

రెండేళ్ళు తిరక్కుండా ఆమె కిడ్నీలు పాడయ్యాయి. రక్తం శుభ్రం చేసే మిషన్లు మా ఆసుపత్రిలో చెడిపోయి మూలన పడి ఉన్నాయి. పనిచేసేవి వంతెన అవతలి ఆసుపత్రిలో ఉన్నాయి. పరాయి దేశస్థుల్ని చేర్చుకోవాలంటే అక్కడి పౌరుడొకడు పూచీ సంతకం పెట్టాలి. వెళ్ళి వాణ్ణి అడిగాను.

"ప్రభుత్వ ఉద్యోగిని బావా. బయటి మనిషికి పూచీ పడితే నాకు రావలసిన హెడ్మాస్టరు పోస్టు ఇంకొకడికి పోతుంది."

"బయటి మనిషేంట్రా. నీ అక్క."

"నాకు అక్కే. కాగితాల్లో మీ దేశస్థురాలు. ఆ రూలు నేను పెట్టింది కాదు కదా."

పళ్ళు పంపాడు. ఆమె ఒక పండు ఒలిచి, తినలేక, నా చేతిలో పెట్టింది. "వాణ్ణేమీ అనకండి" అంది. అనలేదు. నలభై ఎనిమిదేళ్ళకి పోయింది. వాడు వచ్చి గోడకి ఆనుకుని ఏడుస్తుంటే, నేను షాపు తలుపు తీసి పనిలో కూర్చున్నాను.

సగటంటే అందరి ఏళ్ళూ కుప్పపోసి సమానంగా పంచడమని వాడే చెప్పాడు. ఆమె వాటాలో మిగిలిన ఏళ్ళు ఏ మహానుభావుడు తింటున్నాడో.

ఓడలు బళ్ళవుతాయంటారు. అవతలి దేశపు సైన్యం రెండుగా చీలి ఒకదాన్నొకటి కాల్చుకుంది. బడులు కూలాయి, ఆ ఆసుపత్రీ కూలింది. జనం వంతెన మీద పడ్డారు. ఈ ఒడ్డున రేకుల షెడ్డులో వాళ్ళని ఆపి, ఇక్కడి బంధువు పూచీ ఇస్తేనే వదిలేవారు. ఎవరూ రానివాళ్ళని సాయంత్రం లారీ ఎక్కించి వెనక్కి పంపేవారు.

నాకు కబురొచ్చింది. చేతుల గ్రీజు కూడా కడుక్కోకుండా వెళ్ళాను.

వాడు సిమెంటు నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పదహారేళ్ళ కూతురు. ఇల్లు కూలినప్పుడే తల్లి పోయిందట. ఆ పిల్లది అచ్చం నా భార్య గడ్డం. చూడకూడదనుకున్నాను. చూశాను.

"బావా" అన్నాడు.

షెడ్డు ఆఫీసరు అడిగాడు. "ఈయన మీకేమవుతారు?"

"నా భార్య తమ్ముడు."

"ఆవిడ రాలేదా?"

"చనిపోయింది."

"పర్లేదు, చుట్టరికం చెల్లుతుంది. ఇద్దరికీ ఇస్తారా పూచీ?"

నా ఇల్లు రెండు గదులది. ఇద్దరికీ చోటుంది, తిండికీ లోటు లేదు. నా తరఫున ఎవరూ సాకులు వెతక్కూడదని ఈ మాట చెబుతున్నాను.

"పిల్లకి ఇస్తాను."

ఆఫీసరు పెన్ను ఆపాడు. "తండ్రికో?"

"ఆయన అవతలి దేశస్థుడు."

"ఇక్కడ ఉన్నదంతా వాళ్ళేనయ్యా. లేకపోతే నాకీ రేకుల కింద ఏం పని?"

"పిల్లకే."

బావమరిది లేచాడు. బతిమాలతాడనుకున్నాను. విని ఊరుకోవడానికి సిద్ధపడే వెళ్ళాను. వాడు బతిమాలలేదు. ఇద్దరికీ ఉన్న ఒక్క సంచీలోంచి తన చొక్కా తీసుకుని, సంచీని పిల్ల భుజానికి తగిలించాడు.

"నేనూ నీతోనే వస్తాను నాన్నా."

"నోరు మూసుకుని మామయ్య వెంట వెళ్ళు." సంచీ పట్టీ సరిచేస్తూ అన్నాడు. "ఆయనకి టీలో చక్కెర ఎక్కువ ఉండాలి. గుర్తుపెట్టుకో."

లారీ ఎక్కేటప్పుడు నా వైపు చూశాడు. నేనూ చూశాను. తల తిప్పుకోలేదు.

పిల్ల ఇప్పుడు నా దగ్గరే ఉంది. బడికి వెళ్తుంది. నాతో మాట్లాడదు. పొద్దున్నే షాపు బల్ల మీద టీ గ్లాసు పెట్టి వెళ్ళిపోతుంది. చక్కెర ఎక్కువగానే ఉంటుంది.

మొన్న దాని భూగోళం పుస్తకం తిరగేశాను. వాళ్ళ దేశం పక్కన ఆయుష్షు ఇంకా డెబ్బై ఆరే అచ్చేసి ఉంది. మళ్ళీ లెక్కకట్టే నాథుడు అక్కడ లేడు కాబోలు. బావమరిదికి ఈపాటికి యాభై దాటి ఉంటాయి, బతికుంటే.