వాసన లేని కొళాయి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, దాచుకోను. కోతపండగ నాడు, మసాలా నూరుతున్న ఆడవాళ్ళందరి ముందూ, కన్నకూతురే చర్చి కొళాయి కట్టేస్తే ఎవరికి మండదు?

మా జీవిత కర్నూలు నీళ్ళ ల్యాబులో పనిచేస్తుంది. కొళాయిల్లో వచ్చే నీళ్ళు తాగడానికి పనికొస్తాయా లేదా అని పరీక్షించే ఉద్యోగం. సంచిలో సీసాలు వేసుకుని వీధులన్నీ తిరుగుతుంది. ఇంట్లో మా ఇద్దరికీ రోజూ ఒకటే తగువు. టీలో బ్లీచింగు వాసనొస్తోందని నేను సణుగుతాను. "ఆ వాసనుంటేనే తాగాలమ్మా" అంటుంది తను.

కల్లూరులో మా చర్చి కొళాయికి మాత్రం ఆ వాసన లేదు. పోయిన ఎండాకాలం సంఘపెద్ద ఏసన్న కొత్త పైపు వేయించి, కొళాయిని వంటపాక దగ్గరికి తెప్పించాడు. అప్పటి నుంచి నీళ్ళు తియ్యగా ఉన్నాయని వీధంతా బిందెలతో అక్కడికే. పక్కసందు నబీసా కూడా మనవరాలికి పాలపొడి కలపడానికి ఆ నీళ్ళే తీసుకుపోయేది. ఆ పిల్లకు విరేచనాలవుతుంటే పళ్ళొస్తున్నాయిలే అనుకున్నాం అందరం.

పండగ వంటల పెత్తనం నాది. సాయానికొచ్చిన జీవిత బియ్యం కడగబోయి, నీళ్ళు వాసన చూసి, సంచి తెరిచింది. చిన్న గాజుగొట్టంలో నీళ్ళు పట్టి మందుబిళ్ళ వేసి ఊపింది.

"నీళ్ళలో బ్లీచింగు మందుంటే గులాబీ రంగు రావాలమ్మా. రాలేదు సూడు."

ఎదురింటి కొళాయి నీళ్ళలో వేస్తే రంగు వచ్చింది. చర్చి కొళాయి మూతికున్న క్రిములు చావాలని మంటతో కాల్చి, ల్యాబు కోసం ఇంకో సీసా నింపుకుంది. ఆ తర్వాత కొళాయికి గుడ్డ చుట్టి గట్టిగా ముడేసింది.

ఏసన్న పరిగెత్తుకొచ్చాడు. "ఏంది పాపా ఇది? ఇంతమందికి నీళ్ళు యాడ నుంచి తేవాల?"

"ట్యాంకరు తెప్పిస్తాండా పెద్దనాయనా. కొళాయి మాత్రం ఇప్పను."

"రేపు నీ సీసాలో ఏమీ తేలకపోతే?"

"సంఘం ముందర నిలబడి తప్పు ఒప్పుకుంటా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇది ఇంట్లో నన్నే ఒప్పించలేక చర్చికెక్కింది. పక్కకు లాక్కుపోయి అడిగాను. "నా పరువు తీస్తాండావు గదే. పండగైనాక సూసుకోరాదా?"

"నబీసమ్మ మనవరాలి కడుపు పండగయ్యేదాకా ఆగుతాదా అమ్మా?"

దాని చెయ్యి వదిలేశాను.

ట్యాంకరు ఆలస్యంగా వచ్చింది, అన్నమూ ఆలస్యమైంది. పంక్తిలో కూర్చున్నవాళ్ళు నన్ను చూసిన చూపులు నాకే తెలుసు. నీళ్ళు చెడ్డవి కావాలని ఎవరైనా ప్రార్థన చేస్తారా? నేను చేశాను.

మరునాడు సాయంత్రం జీవిత ఫోనులో ఫొటో చూపించింది. ల్యాబులో పరీక్ష మందు కలిపి వెచ్చగా ఉంచిన మా సీసాలో నీళ్ళు తారులా నల్లబడ్డాయి. మురుగు కలిసిన నీళ్ళే అలా నల్లబడతాయట.

పైపులైను పనిచేసే ముబీన్ వచ్చి తవ్వాడు. ఏసన్న వేయించిన కొత్త పైపు మురుగుకాలవ అడుగున పోయింది, అతుకు దగ్గర చీలి ఉంది. నీళ్ళు వదలని పూట మురుగు అందులోకి దూరేది. నీళ్ళలోని బ్లీచింగు మందంతా ఆ మురుగుకే ఖర్చయిపోయి వాసన లేకుండా పోయేది. మేం మురిసిపోయిన తియ్యదనం అదీ. ఏసన్న కాలవ గట్టున కూలబడ్డాడు. జీవిత ఒక్క మాట కూడా దెప్పలేదు. తన బదులు నేనే పొంగిపోయాను, ఎందుకు దాచాలి?

పైపు మార్చి, కడిగి, మళ్ళీ పరీక్షలు చేసి, అన్నీ సరిగ్గా వచ్చాకే జీవిత ఆ గుడ్డ ముడి విప్పింది. నబీసా మొదట దోసిట్లో నీళ్ళు పట్టి వాసన చూసింది. "వాసన ఉండాది అక్కా" అని బిందె పెట్టింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక టీ పోస్తుంటే ఏసన్న మొహం చిట్లించాడు. "మందు వాసన శానా కొడతాండాది వరమ్మా."

"అది నా కూతురు కాపలా ఉండే వాసన అన్నా. తాగు."

ఏసన్న తాగి, ఇంకోసారి పొయ్యమని గ్లాసు చాపాడు.